ఒక నడుము, రెండు టేపులు

చిన్న మాస్టారికి యాభై రెండేళ్లు. మనిషి చిన్నవాడేం కాదు, నడుము దగ్గర మరీను. అయినా ఆ వీధికంతటికీ అతను చిన్న మాస్టారే. పెద్ద మాస్టారంటే అతని అన్న. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం కటింగ్ బల్ల మీద కోటు గుడ్డ పరిచి, సుద్దముక్కతో భుజం గీత గీస్తూ గీస్తూ, గీత సగంలో ఉండగానే ఆ గుడ్డ మీదికే ఒరిగిపోయాడు. యాభై మూడో ఏట. పెద్దాయన పోయినా చిన్నాయన పేరుకు మాత్రం ప్రమోషన్ రాలేదు. టైలరింగ్ షాపు వచ్చింది, మూడు మిషన్లు వచ్చాయి, ఇస్త్రీ బల్ల వచ్చింది, అన్న మెడలో పాతికేళ్లు వేలాడిన టేపు వచ్చింది. తనకూ యాభై మూడు దగ్గరపడుతోందన్న భయం కూడా వాటితోపాటే వచ్చింది.

ఆ భయమే మూడు నెలల కిందట అతన్ని డాక్టరమ్మ గుమ్మం దాకా లాక్కొచ్చింది. గుమ్మం దగ్గర ఆగిపోతే లోపలికి తోసింది భార్య.

డాక్టరమ్మది గుండె వైద్యమే గానీ, గుండె దగ్గరే ఆగిపోయే వైద్యం కాదు. ఒక గదిలో ఈసీజీ మిషను, బీపీ పట్టీ, మందుల చీటీలు. పక్క గదిలో చాపలు పరిచి, ఊపిరి నిదానంగా ఎలా తీసి వదలాలో నేర్పే ఒక పెద్దమనిషి. ఆ పక్క గదిలో తిండి సంగతి చూసే అమ్మాయి, ఆమె వెనక గోడ మీద రోజుకు ఎన్ని చెంచాల నూనె, ఎంత ఉప్పు అని రాసిన బోర్డు. మొదటిరోజు డాక్టరమ్మ అతన్ని గంటసేపు కూర్చోబెట్టి, జన్మలో ఎవరూ అడగని ప్రశ్నలన్నీ అడిగింది. ఎన్నింటికి తింటారు, ఎలా పడుకుంటారు, ఎవరి మీద కోపం, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా, చివరిసారి ఎప్పుడు ఏడ్చారు.

“మొన్నే ఏడ్చానండీ. ఉల్లిపాయలు తరిగాను” అన్నాడు.

ఆమె నవ్వింది గానీ ఆ జవాబును రాసుకోలేదు. ఆ గడి ఖాళీగానే ఉంచింది.

రక్తపరీక్షలు వచ్చాక అంది: “మాస్టారూ, మీకు కొవ్వెక్కువ.”

“ఆ మాట మా ఆవిడ పరీక్ష లేకుండానే చెప్తుంది డాక్టరమ్మా.”

“బీపీ కూడా ఎక్కువే. నూట యాభై. మీ అన్నయ్యగారు చిన్న వయసులో పోయారు. నడుము నలభై అంగుళాలు. ఇవన్నీ కలిపి చూస్తే, మీలాంటివాళ్లని వందమందిని వరసగా నిలబెట్టామనుకోండి, పదేళ్లలో ఇరవై మందికి గుండెపోటో పక్షవాతమో వస్తుంది.”

“వందమందా! ఒక్క సీజన్‌లో కుట్టలేనండీ.”

“ఆ ఇరవైలో మీరుంటారో, మిగతా ఎనభైలో ఉంటారో నేను చెప్పలేను. ఆ ఇరవైని పది చెయ్యడం మాత్రం మన చేతుల్లో ఉంది. నా చేతుల్లో కాదు, మన చేతుల్లో.”

పొద్దున బీపీకి ఒక మాత్ర, రాత్రి కొవ్వుకి ఒక మాత్ర. రోజూ నలభై నిమిషాల నడక, పది నిమిషాల శ్వాస. ఉప్పు తగ్గాలి, నిద్ర పెరగాలి. వారానికోసారి నడుము కొలుచుకుని కార్డు మీద రాసుకోవాలి.

“నడుమా!” చిన్న మాస్టారు ఛాతీ విరుచుకున్నాడు. ఆ విరుపులో పొట్ట కూడా కొంత పాలుపంచుకుంది. “ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల నడుములన్నీ నా లెక్కలోనే ఉన్నాయి. నా నడుము నాకో లెక్కా!”

మొదటి వారం షాపులో, ట్రయల్ పరదా వెనక, అద్దం ముందు నిలబడి అన్న టేపుతో కొలుచుకున్నాడు. ముప్పై ఎనిమిదిన్నర! వారం రోజుల్లో ఒకటిన్నర అంగుళం! పరదాలోంచి బయటికి అడుగు కాదు, గంతు వేశాడు. తరవాతి వారమూ ముప్పై ఎనిమిదిన్నరే. ఆ పై వారమూ అంతే. నడుము ఒక మంచి నిర్ణయం తీసుకుని దానికి కట్టుబడిందనుకున్నాడు.

ఏడో వారంలో మాత్రలు మానేశాడు. నడుము నడకతో తగ్గినప్పుడు మాత్రతో పనేముంది? ఆ పైన, మాత్రల మీద అతనికి ముందునుంచీ నమ్మకం లేదు. దానికి కారణముంది. ఆ కారణం ఇంట్లో చెప్పలేదు, డాక్టరమ్మకూ చెప్పలేదు. మాత్రలు మానేసిన సంగతీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే నడిచాడు, చాప మీద కూర్చుని ఊపిరి తీశాడు, ఉప్పు లేని కూర ముఖం చిట్లించకుండా తిన్నాడు. మాత్ర మాత్రం మింగలేదు.

పన్నెండో వారం. కార్డు జేబులో పెట్టుకుని పెళ్లికొడుకులా వెళ్లి కూర్చున్నాడు. ఇవాళ ఆ రెండు మాత్రలనూ డాక్టరమ్మ చేత్తోనే కొట్టేయించాలి. అప్పుడు అబద్ధం దానంతటదే నిజమైపోతుంది.

డాక్టరమ్మ బీపీ చూసింది. పట్టీ విప్పి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమని మళ్లీ చూసింది.

“నూట యాభై ఆరు. కింద తొంభై ఎనిమిది. మొదటి నెలలో బాగా దిగింది కదా! మాత్రలు వేసుకుంటున్నారా మాస్టారూ?”

“ఆ.”

“రోజూ?”

“రోజూనండీ.”

“ఒక్కరోజు కూడా మానలేదా?”

“మానడమేంటండీ!” అన్నాడు. ఆ గొంతులో ఎంత నిజాయితీ పలికిందంటే, అతనికే ఆశ్చర్యం వేసింది.

ఆమె సొరుగులోంచి తన టేపు తీసి నడుము కొలిచింది. “నలభై.”

“ఎంత?”

“నలభై. మొదటిరోజు ఎంతో ఇవాళా అంతే.”

“మీ టేపు తప్పండీ.” కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. “చూడండి. పన్నెండు వారాలు. అన్నీ నా చేత్తో కొలిచినవే. నా కొలత తప్పితే ఈ పాటికి ఊళ్లో సగం మంది ప్యాంట్లు జారిపోయేవి.”

డాక్టరమ్మ కార్డు చూసింది, టేపు చూసింది, అతని ముఖం చూసింది. “నడుము సంగతి తర్వాత చూద్దాం. నాకు బీపీ ముఖ్యం. రోజూ మాత్ర వేసుకుంటూ, నడుస్తూ, ఉప్పు తగ్గించి కూడా ఇంత పెరిగిందంటే ఆ మాత్ర మీకు చాలట్లేదన్నమాట. దాని మోతాదు రెట్టింపు చేస్తున్నాను. దాంతోపాటు ఇంకోటి. రేపు పొద్దున్నుంచి మొదలుపెట్టండి.”

కొట్టేయించుకోవడానికి వెళ్లిన మనిషి మోతాదు పెంచుకుని బయటపడ్డాడు. అబద్ధాన్ని నమ్మి ఆమె రాసిన చీటీ అది. ఆ సంగతి అతనికి మెట్లు దిగుతుండగానే తెలుసు. వెనక్కి వెళ్లి ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. కాళ్లు మందుల షాపు వైపు నడిచాయి.

టైలరింగ్ షాపులో వదిన ఒక్కతే ఉంది. పెద్ద మాస్టారి భార్య. కాజాలు, గుండీలు, అంచులు ఆమె పని. కిటికీ పక్క కుర్చీ, ముక్కు చివర కళ్లద్దాలు, పెదాల మధ్య దారప్పోగు. ఆమె కుట్టిన గుండీ చొక్కా చిరిగినా ఊడదు. వదిన దగ్గర వదులుండదని కస్టమర్లు కూడా అంటారు.

“ఏమంది డాక్టరమ్మ?” దారం తీయకుండానే అడిగింది.

“టేపు తప్పంది.”

“ఏ టేపు?”

“అన్న టేపు! నా కళ్లముందే! అన్న టేపుని!”

మెడలోంచి టేపు తీశాడు. దాని పసుపు రంగు ఎప్పుడో వెలిసిపోయింది, అంకెలు సగం అరిగిపోయాయి. షాపులో కొత్త టేపు కొనడానికి అతను రెండేళ్లుగా ఒప్పుకోలేదు. గుడ్డ మీద గీతలు గీసే ఇనప స్కేలు బల్ల మీదే ఉంది. డాక్టరమ్మ తప్పని తేల్చి, రేపు వెళ్లి ఆ మాట ముఖాన చెప్పి రావాలన్న పట్టుదలతో, టేపును స్కేలు పక్కన పరిచి చివర పట్టుకున్నాడు.

స్కేలు ఇరవై నాలుగు దగ్గర ముగిసింది. అక్కడ టేపు ఇరవై మూడు చూపిస్తోంది.

సాగదీశానేమోనని వదిలి మళ్లీ పెట్టాడు. ఇరవై మూడే. తిప్పి రెండో కొసనుంచి పెట్టాడు. అంతే. పాతికేళ్లు మెడలో వేలాడి, వేల నడుముల చుట్టూ తిరిగి టేపు సాగిపోయింది. అంగుళం అంగుళానికీ కొద్దికొద్దిగా. నలభై అంగుళాల నడుముకు ముప్పై ఎనిమిదిన్నర అని చెప్పేటంతగా.

“మరి ఒక్క ప్యాంటు కూడా తేడా రాలేదేంటి వదినా?” టేపు వదలకుండానే అడిగాడు.

“ఎందుకొస్తుంది? మనిషిని కొలిచేదీ ఆ టేపుతోనే, గుడ్డ కొలిచేదీ దాంతోనే. రెండువైపులా ఒకే తప్పు పడితే తేడా ఎక్కడ తెలుస్తుంది?”

అవును. షాపులో పెద్ద మాస్టారి మొదటి ఆజ్ఞ అది. కొలిచిన టేపుతోనే కత్తిరించు. బల్ల మీద రెండో టేపు కనిపిస్తే ఆయన ఆ టేపుతోనే వీపు మీద ఒకటిచ్చేవాడు. ఆ దెబ్బలు తిని పని నేర్చుకున్న చిన్న మాస్టారు, ఊళ్లో ఎవరి విషయంలోనూ చెయ్యని తప్పు తన నడుము విషయంలో చేశాడు. మొదటి కొలత డాక్టరమ్మ టేపుది. మిగతావన్నీ అన్న టేపువి. నడుము తగ్గలేదు. టేపు మారింది.

నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో తెగిపోయింది. ఆ ఒకటిన్నర అంగుళాన్ని నమ్ముకునే కదా మాత్రలు మానేసింది! ఐదు వారాలుగా రక్తం నాళాల గోడల్ని పోటు పొడుస్తుంటే, తను అద్దం ముందు నిలబడి మురిసిపోయాడు.

కుర్చీలో కూలబడ్డాడు. చేతిలో మందుల కవరు చప్పుడు చేసింది.

“కొత్త మందులా?” వదిన అడిగింది. “పాతవి పని చెయ్యట్లేదా?”

“పాతవి వేసుకోవట్లేదు.”

వదిన చేతిలో సూది ఆగింది.

“ఐదు వారాలైంది వదినా. మా ఆవిడకి చెప్పకు. డాక్టరమ్మకి రోజూ వేసుకుంటున్నానని చెప్పాను. ఇవీ వేసుకోను. నన్ను తిట్టినా సరే. ఏం లాభం చెప్పు? అన్న తన బీపీ మాత్రలు ఒక్కరోజు మానకుండా వేసుకున్నాడు. ఏమైంది? ఇదిగో, ఈ బల్ల మీదే...”

“ఎవరు చెప్పారు వేసుకున్నాడని?”

“ఎవరేంటి? నువ్వే! ఆవాళ వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పావు. ‘ఒక్క పూట మానలేదు, అయినా పోయాడు’ అని. నేను పక్కనే కూర్చుని విన్నాను. అప్పట్నుంచి మాత్ర చూస్తే అదే వినిపిస్తోంది.”

వదిన పెదాల మధ్య దారప్పోగు తీసి చొక్కా మీద పెట్టింది. కళ్లద్దాలు తీసింది.   లేచి తన మిషను సొరుగు తాళం తీసి, లోపల్నుంచి ఒక రేకు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. కోటు గుండీలు వేసుకునే డబ్బా.

“తియ్యి.”

మూత తీశాడు. గుండీలు లేవు. మాత్రలు. తెల్లవి కొన్ని, గులాబీ రంగువి కొన్ని. కొన్ని పొడిపొడిగా రాలిపోయి అడుగున బూడిదలా పేరుకున్నాయి.

“ఆయన పోయిన పదోరోజు దొరికింది. గుండీలు కావాల్సొచ్చి తీశాను.” వదిన గొంతు లెక్క అప్పగిస్తున్నట్టు సమంగా ఉంది. “మాత్రల రేకులో ఎన్ని ఖాళీ అయ్యాయో నేను చూస్తానని ఆయనకి తెలుసు. అందుకే పొద్దున్నే నా ముందే రేకు చించేవాడు. నోట్లో వేసుకున్నట్టు చెయ్యి ఎత్తేవాడు. నీళ్లు తాగేవాడు. ఇక్కడికొచ్చి ఇందులో వేసేవాడు. కొలత ఎంత ఖచ్చితంగా తీసేవాడో, మోసం కూడా అంత ఖచ్చితంగా చేశాడు మీ అన్న.”

“ఎందుకు?”

“ఒకసారి అన్నాడు, మాత్ర వేసుకుంటే తల తిరుగుతోంది, కత్తెర పట్టుకుంటే చెయ్యి నిలవట్లేదని. డాక్టరుకి చెప్పమన్నాను. చెప్పానన్నాడు. ఇప్పుడు సర్దుకుందన్నాడు. నేను నమ్మాను. చెయ్యి బాగానే ఉందిగా, మళ్లీ నేరుగా కత్తిరిస్తున్నాడుగా అని సంతోషించాను కూడా.”

అన్నకు చెయ్యే సర్వస్వం. చేతికోసం గుండెను పక్కన పెట్టాడు. గుండీల డబ్బాలో.

“మరి అందరికీ అలా ఎందుకు చెప్పావు వదినా?”

“ఆవాళ నాకు తెలీదు. తెలిశాక...” డబ్బా మూత తీసుకుని కొంగుతో తుడిచింది. “తెలిశాక ఏమని చెప్పను? చచ్చిపోయినవాణ్ని పట్టుకుని, తన చేతులారా చేసుకున్నాడని నలుగురూ అనుకుంటుంటే వినలేక దాచాను. పోయినవాడి పరువు నిలబెట్టాననుకున్నాను. నా మాట నమ్మి నువ్వు మందులు మానేస్తావని కలగన్నానా? ఒకణ్ని నమ్మి పోగొట్టుకున్నాను. ఇప్పుడు నన్ను నమ్మి నువ్వు పోతే, మరిదీ, నేనెక్కడ దాచుకోవాలి ఆ డబ్బా?”

చిన్న మాస్టారు ఆ మాత్రల వంక చూస్తూ ఉండిపోయాడు. ఒక్క జోకూ రాలేదు.  బల్ల మీద మోచేతులు ఆనించి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చాడు. వదిన ఆపలేదు. వెళ్లి షాపు తలుపు దగ్గరగా వేసి వచ్చి, అతని పక్కన నిలబడింది.

మర్నాడు పొద్దున ఇద్దరూ డాక్టరమ్మ ఎదుట కూర్చున్నారు. కొత్త మాత్రల కవరు విప్పకుండానే బల్ల మీద పెట్టాడు.

“నిన్న అబద్ధం చెప్పానండీ. ఐదు వారాలుగా ఏదీ వేసుకోలేదు.”

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. కోపం రావడానికి ఎంత టైం పడుతుందో అంతసేపు ఆగి, దాన్ని పంపించేసినట్టు ఊపిరి వదిలింది. తను నేర్పించే పాఠమే.

“ఇవి వేసుకోలేదు కదా ఇంకా?”

“లేదండీ.”

“బతికించారు. పాత మాత్ర మొదటి నెలలో మీకు చక్కగా పనిచేసింది. అది లేనప్పుడు పెరిగిన బీపీ చూసి ఇవి రాశాను. ఇవన్నీ ఒక్కసారి మొదలుపెట్టుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి, కత్తెరతో సహా మీరూ కింద పడేవారు.” నిన్నటి చీటీ అడ్డంగా కొట్టేసింది. “పాతవే మళ్లీ మొదలుపెట్టండి. తల తిరిగితే, చెయ్యి వణికితే, ఏమైనా సరే నాకు ఫోన్ చెయ్యండి. మాత్ర మారుస్తాను. నూరు రకాలున్నాయి. మానెయ్యడం ఒక్కటే వాటిల్లో లేదు.”

“నడక, ఊపిరి, ఇవన్నీ ఉండగా మళ్లీ మాత్రలెందుకని...”

“చొక్కాకి రెండు చేతులెందుకు మాస్టారూ? ఒకటి బాగా కుట్టారు కదా, రెండోది పీకేస్తారా?”

చిన్న మాస్టారు తల వంచుకున్నాడు. 

 వదిన ఒళ్లో చేతులు బిగించుకుని, అన్న సంగతి మొత్తం చెప్పింది. డబ్బా సంగతి కూడా. చెప్పి అడిగింది:

“ఆయన వేసుకునుంటే బతికేవాడా అమ్మా?”

డాక్టరమ్మ చేతిలో పెన్ను పక్కన పెట్టింది. “చెప్పలేనమ్మా. బతికే అవకాశం పెరిగేది. నిజంగా చెప్పగలిగింది అంతే. తల తిరుగుతోందని డాక్టరుకి చెప్పే ధైర్యం ఆయనకి కలిగేలా ఆ డాక్టరు అడిగారో లేదో కూడా నాకు తెలీదు. నిన్న నేనూ సరిగ్గా అడగలేదు. ‘వేసుకుంటున్నారా’ అన్నాను. ‘వేసుకోవడం కష్టంగా ఉందా’ అని అడగాల్సింది.”

వదిన తల ఊపింది. తృప్తిపడిందో, ఇంకా బరువెక్కిందో చిన్న మాస్టారికి అర్థం కాలేదు.

“ఆయనకి పిల్లలున్నారా?” డాక్టరమ్మ అడిగింది.

“ఒక్కతే కూతురు. ముప్పై ఏళ్లు.”

“బీపీ, కొవ్వు ఎప్పుడైనా చూపించుకుందా?”

“దానికేంటమ్మా, గుండ్రాయిలా ఉంటుంది.”

“వాళ్ల నాన్న యాభై మూడుకే పోయారు. బాబాయికి బీపీ ఉంది. తనకీ చూడాలి. భయపెట్టడానికి కాదు. తెలుసుకోవడానికి. అసలు సంగతి తనకి చెప్పి తీసుకురండి.”

అసలు సంగతి. వదిన ముఖంలో రంగు మారింది. అతనికి అర్థమైంది. కూతురు కూడా రెండేళ్లుగా ఆ మాటే నమ్మింది. నాన్న ఒక్క పూట మానలేదని, మందులే మోసం చేశాయని. అడిగినవాళ్లందరికీ అదే చెప్పుకుంది.

వరండాలో బెంచీ మీద కూర్చుని వదిన ఫోన్ చేతిలోకి తీసుకుంది. అంకెలు నొక్కింది, కొట్టేసింది, మళ్లీ నొక్కింది.

“నేను చెప్పనా వదినా?”

“వద్దు. అబద్ధం చెప్పింది నేను.”

అవతల మోగుతున్న చప్పుడు అతనికీ వినిపిస్తోంది. లోపల చాపల గదిలో ఎవరో నిదానంగా ఊపిరి లెక్కపెడుతున్నారు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఫోన్ ఎత్తారు.

“అమ్మా? ఏంటి ఈ టైమ్‌లో? బాబాయికేమైనా...”

“బాబాయి బాగానే ఉన్నాడే. పక్కనే ఉన్నాడు.” వదిన కళ్లు మూసుకుంది. “పనిలో ఉన్నావా? ఒక్క నిమిషం ఎక్కడైనా కూర్చోవే తల్లీ. మీ నాన్న మాత్రల గురించి నీకో మాట చెప్పాలి.”

చిన్న మాస్టారు బెంచీ మీద ఆమె పక్కకు జరిగి కూర్చున్నాడు.  అవతల కుర్చీ లాగిన శబ్దం వినిపించింది.

“ఆ, కూర్చున్నాను. చెప్పమ్మా.”